బాండిట్ క్వీన్: తిట్టేముందు ఏ కాపీ చూశారో చెప్పండి

మొదటే చెప్పేస్తా, ఇది సినిమా రివ్యూ కన్నా కాపీ రివ్యూ అనుకోండి. చంబల్ బందిపోటు ఫూలన్ దేవి జీవితం మీద శేఖర్ కపూర్ తీసిన హిందీ సినిమా బాండిట్ క్వీన్ నేను ఇప్పటికి మూడు సార్లు చూశా, మూడు సార్లూ మూడు వేరే సినిమాలు చూసినట్టే ఉంది. ఒకటి 1996లో మా తెనాలిలో మార్నింగ్ షో, రెండోది మొన్నామధ్య ఇంట్లో ఓటీటీలో, మూడోది అబిడ్స్ ఆదివారం మార్కెట్లో పాత పుస్తకాల మధ్య దొరికిన ఫారిన్ డీవీడీ. ఓటీటీ కాపీకి నా రేటింగ్ అర స్టార్, అదీ నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు ఉంది కాబట్టి, ఆయన్ని కూడా కోయలేకపోయారు పాపం.

ఓటీటీలో చూసిన రోజు ఏం జరిగిందంటే, మా ఆవిడకి నేను ఈ సినిమా గురించి పెళ్లైన దగ్గర్నుంచి చెప్తూనే ఉన్నా, చంబల్ లోయలు, సీమా బిస్వాస్, కోర్టు గొడవలు, ఒకటే సోది. ఆవిడకి ఎప్పుడూ కుదర్లేదు. ఒక శనివారం పిల్లలు వాళ్ల అమ్మమ్మగారింటికి వెళ్లారు, సరే అని పెట్టాం. యాప్ పేరు చెప్పను, ఏది అనేది ముఖ్యం కాదు. ఆ సినిమాలో ఫూలన్ దేవి నోట్లోంచి వచ్చే మొదటి మాటే బూతు, నేను ఫూలన్ దేవిని అని చెప్పి వెంటనే అమ్మనా బూతు తిడుతుంది మనల్ని, కెమెరాలోకి చూస్తూ. అక్కడ సైలెంట్. పెదాలు కదులుతున్నాయి, సౌండ్ లేదు. టీవీ పాడైందేమో అని నేను లేచి వెనకాల వైరు కదిపా! కాదు, మ్యూట్. అక్కడి నుంచి ప్రతి పది నిమిషాలకీ ఏదో ఒకటి మాయం, సీను మధ్యలోంచి ఎగిరి వేరే చోట పడటం, ఎవరో కత్తెర పట్టుకుని హడావిడిగా కూర్చున్నట్టు. బెహ్మాయీ ఊళ్లో ఆమెని గదిలో పడేసి చెరిచిన ఘోరం ఉందే, సినిమాకి అదే గుండెకాయ, అది ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో తెలీలేదు. తర్వాత ఆమె మళ్లీ అదే ఊరికి వచ్చి మగాళ్లని వరసగా నిలబెట్టి కాల్చే సీను మాత్రం ఫుల్లుగా ఉంచారు, ఒక్క తూటా కూడా తగ్గించలేదు.

అంతా అయ్యాక మా ఆవిడ పెదవి విరిచేసి "ఏంటండీ ఇది, దీనికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు? ఆవిడెవరో అంతమందిని ఊరికే చంపేసింది కదా" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడ తప్పు కాదు, ఆవిడ చూసిన సినిమాలో నిజంగా అంతే ఉంది మరి. ఎందుకు చంపిందో తీసేసి చంపడం ఉంచితే మిగిలేది ఒక దొంగల సినిమా. ఎవడో బాధ్యత తెలీనివాడు నాలుగు నిమిషాలు కోశాను అనుకుని ఉంటాడు, కథకి అర్థమే తిరగబడింది. ఇది నా ఒక్కడి ఏడుపు కూడా కాదు, 2025లో శేఖర్ కపూర్ స్వయంగా బయటపడ్డాడు, ఓటీటీలో ఉన్నది నేను తీసిన సినిమాలానే లేదు, నన్ను అడక్కుండా కోశారు, పేరు మాత్రం నాదే వేసుకున్నారు అని.

ఇప్పుడు 1996 సంగతి. నేను ఇంటర్ సెకండియర్. మా ఊళ్లో హిందీ సినిమాలు మార్నింగ్ షోలే వేసేవాళ్లు, అవి కూడా ఎక్కువ ఏ సర్టిఫికెట్‌వే. పోస్టర్ మీద ఏ అనే అక్షరం సినిమా పేరు కన్నా పెద్దగా ఉండేది, దాని కింద సుప్రీంకోర్టు అనుమతించిన చిత్రం అని విడిగా స్టిక్కర్ అంటించారు. అది హెచ్చరిక కాదు పబ్లిసిటీ. మా బ్యాచ్ కాలేజీ ఎగ్గొట్టి ఎందుకెళ్లామో అబద్ధం ఎందుకు, అందుకే వెళ్లాం. హాల్లో ఒక్క ఆడమనిషి లేదు, సైకిల్ స్టాండు వాడితో సహా అందరూ మగాళ్లే. నేల టికెట్లో ఒకడు మొదటి నుంచీ ఈలలు. బెహ్మాయీ సీను వచ్చింది, ఆమెని బట్టలు లేకుండా ఊరి మధ్యలో నడిపించి బావి దగ్గరికి నీళ్లకి పంపే సీను. వాడు ఆపుతాడేమో అనుకున్నా, ఆపలేదు, ఈల వేస్తూనే ఉన్నాడు. ఎవడూ ఊరుకోరా అనలేదు, నేను కూడా అనలేదు. తెర మీద ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది, ఇక్కడ మేము కూర్చుని చూస్తున్నాం, అంతే తేడా. బయటికొచ్చాక మా వాడొకడు సోడా తాగుతూ "ఏందిరా, ఏం లేదుగా అందులో" అన్నాడు. అదే మాట పాతికేళ్ల తర్వాత మా ఆవిడ నోటి నుంచి వేరే కారణానికి వినాల్సొచ్చింది.

ఆ స్టిక్కర్ వెనకాల కథ చాలా ఉంది, తెలిస్తేనే సినిమా ఎందుకంత పెద్ద రచ్చ అయిందో అర్థమవుతుంది. సినిమా 1994 మే నెలలో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ టైములో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ అనే విభాగంలో వేశారు, బ్రిటన్ ఛానెల్ 4 వాళ్ల డబ్బు, ప్రొడ్యూసర్ బాబీ బేడీ. ఇక్కడ సెన్సార్ వాళ్లు చూసి ఇది తగ్గించు అది తీసెయ్ అని లిస్టు ఇచ్చారు. సినిమావాళ్లు, సెన్సార్ మీద అప్పీళ్లు వినే అప్పటి ట్రిబ్యునల్‌కి వెళ్లారు. ఛైర్మన్ జస్టిస్ లెంటిన్, మిగతా ముగ్గురు సభ్యులూ ఆడవాళ్లే. సినిమా ఆడవాళ్ల మర్యాద తీస్తోంది అని బయట గోల చేసింది ఎక్కువ మగాళ్లు, చూసి ఇది వెళ్లాల్సిన సినిమా అని ఏకగ్రీవంగా చెప్పిన బెంచీలో ముగ్గురు ఆడవాళ్లు! 1995లో ఏ సర్టిఫికెట్ ఇచ్చారు, 1996 జనవరిలో రిలీజైంది. వారం తిరక్కుండా గుజ్జర్ కులానికి చెందిన ఒకాయన ఢిల్లీ హైకోర్టుకెళ్లాడు. సినిమాలో మొదట ఆమెని చెరిచే బందిపోటు బాబూ గుజ్జర్ కదా, దానివల్ల మా కులం పరువు పోతోంది అని, దేశంలో ఆడవాళ్ల పరువు కూడా పోతోంది అని. వరస గమనించండి, ముందు కులం పరువు. మార్చిలో హైకోర్టు సర్టిఫికెట్ కొట్టేసింది, సినిమా ఆగిపోయింది. మే 1న సుప్రీంకోర్టు మళ్లీ ఇచ్చింది. ఆ తీర్పులో నాకు బాగా నచ్చింది ఒకటే పాయింటు, ఒంటి మీద బట్టల్లేకపోవడం ప్రతిసారీ కామం పుట్టించదు, ఇక్కడ పుట్టేది ఆమె మీద జాలి, చేసినవాళ్ల మీద అసహ్యం అని. షిండ్లర్స్ లిస్ట్‌లో గ్యాస్ ఛాంబర్లకి తోలుకెళ్లే సీను చూసి ఎవడికైనా కోరిక పుడుతుందా అన్నట్టు పోల్చి చెప్పారు. మా నేల టికెట్ ఈల గాడిని చూసి ఉంటే జడ్జిగారు ఏమనేవారో తెలీదు కానీ, దానికీ ఆ తీర్పులో జవాబుంది, వంకర బుద్ధి ఉన్నవాడి కోసం సెన్సార్ చేయం అని రాశారు.

అదే మే నెలలో ఇంకోటి జరిగింది. ఫూలన్ దేవి మీర్జాపూర్ నుంచి ఎంపీగా గెలిచింది. ఆమె సినిమా, ఆమె, ఇద్దరూ ఒకే నెలలో పాసయ్యారన్నమాట.

సరే డీవీడీకి వస్తా. అబిడ్స్‌లో బేరమాడి 150కి తెచ్చా, కవరు చిరిగిపోయి ఉంది, డిస్కు మీద గీతలు. మామూలు ప్లేయర్‌లో ఆడదు, రీజియన్ కోడ్ గోల, మా పాత కంప్యూటర్లో పెడితే పాడింది. సుమారు రెండు గంటల సినిమా, ఎక్కడా మ్యూట్ లేదు. మొదట మా ఆవిడ ఒప్పుకోలేదు, చూసిందే మళ్లీ ఎందుకు అంది, ఇది అది కాదు అని బతిమాలి కూర్చోబెట్టా.

అప్పుడు చూస్తే తెలిసింది కపూర్ ఎంత జాగ్రత్తగా తీశాడో. బెహ్మాయీలో ఆమెని గదిలో పడేశాక కెమెరా ఎక్కువ చూపించేది తలుపుని. తలుపు తెరుచుకుంటుంది, వెలుతురు పడుతుంది, ఒక నీడ లోపలికొస్తుంది, మూసుకుంటుంది. మళ్లీ తెరుచుకుంటుంది. ఎన్నిసార్లో లెక్క పెట్టడం మనమే మానేస్తాం. బావి సీనులో కెమెరా దగ్గరికెళ్లదు, దూరం నుంచే చూస్తుంది, ఆమె చిన్నగా, చుట్టూ ఊరు పెద్దగా. 1996లో నేను ఆమెని చూశా, ఈసారి ఊరిని చూశా. సీమా బిస్వాస్ అస్సాం నుంచి వచ్చి ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో నాటకాలేసిన మనిషి, అప్పటికి జనాలకి మొహం కూడా తెలీదు, ఆ సీనుకి బాడీ డబుల్‌ని పెట్టామని ఆమే తర్వాత చెప్పింది. కానీ నటన అంటే బావి సీను కాదు, పుత్తీలాల్‌ని పట్టుకున్న సీను చూడండి. ఆమెకి పదకొండేళ్లప్పుడు పెళ్లి చేసుకున్న మొగుడు, ఇప్పుడు ఆమె చేతికి చిక్కాడు, తుపాకీ మడమతో కొడుతూ ఉంటుంది, కొట్టేకొద్దీ కోపం తగ్గడం లేదు, ఏడుపొస్తోంది. పగ తీర్చుకుంటే హాయిగా ఉంటుంది అని మన సినిమాలన్నీ చెప్తాయి, ఈమె మొహంలో హాయి ఎక్కడా లేదు. నేషనల్ అవార్డు ఊరికే రాలేదు. సినిమాకి బెస్ట్ హిందీ ఫిల్మ్, డాలీ అహ్లువాలియాకి కాస్ట్యూమ్స్‌కి కూడా వచ్చాయి, ఆ మాసిన బట్టలు చూస్తే చెమట వాసన వస్తుంది నిజంగా.

ఫూలన్‌కి అండగా నిలిచే బందిపోటు విక్రమ్ మల్లాగా నిర్మల్ పాండే చాలా బావుంటాడు, చిన్న వయసులోనే పోయాడు పాపం. గ్యాంగులో ఇంకో బందిపోటు మాన్ సింగ్‌గా నోరు పెద్దగా విప్పని ఒక బక్కపల్చటి కుర్రాడు ఉంటాడు, అది మనోజ్ బాజ్‌పాయ్. మన రామ్ గోపాల్ వర్మ ఆ పాత్ర చూసి ఎవడీ మనిషి అని మనసులో పెట్టుకున్నాడు, తర్వాత సత్యలో భీకూ మ్హాత్రే అయ్యాడు, ఇంకా తర్వాత వేదంలో రహీముద్దీన్‌గా మనల్ని ఏడిపించాడు. తెలుగువాళ్లకి ఈ సినిమా వల్ల జరిగిన డైరెక్టు లాభం అదే అని నా లెక్క. అశోక్ మెహతా కెమెరా గురించి రాస్తే ఇంకో పేజీ, ఆ చంబల్ మట్టి దిబ్బల్లో మనుషులు చీమల్లా కనపడతారు.

మైనస్‌లు కూడా ఉన్నాయి, భక్తుడిలా రాయను. మొదట్లో డోలు, మూర్ఖుడు, శూద్రుడు, పశువు, స్త్రీ దెబ్బలకి అర్హులు అనే కొటేషన్ వేసి కింద మనుస్మృతి అని పెట్టారు. అది తులసీదాస్ రామచరిత మానస్‌లో మాట. ఇంత గొడవ అవుతుందని తెలిసి తీసిన సినిమాలో మొదటి కార్డే తప్పు పెడితే ఎలా బాబూ. సెకండాఫ్ పరిగెడుతుంది, ముస్తకీమ్ గ్యాంగు, దోపిడీలు, లొంగిపోవడం అన్నీ గబగబా. 1981 ఫిబ్రవరి 14న బెహ్మాయీలో 20 మంది చనిపోయారు, 1983 ఫిబ్రవరిలో భిండ్‌లో అప్పటి మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అర్జున్ సింగ్ ముందు ఆయుధాలు పెట్టింది, మధ్యలో రెండేళ్లు పోలీసులకి దొరక్కుండా ఎలా తిరిగిందో సినిమా పెద్దగా చెప్పదు.

డీవీడీ అయిపోయాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, నేను డిస్కు తీసి కవర్లో పెడుతున్నా. అప్పుడు అడిగింది, "ఆవిడ చూసిందా ఇది?"

ఇన్నేళ్లు ఈ సినిమా గురించి వాగాను కానీ నన్ను నేను ఎప్పుడూ ఈ ప్రశ్న అడగలేదు. చూసిందో లేదో చెప్పలేను కానీ, ఈ సినిమా గురించి ఆమె ఏం చేసిందో తెలుసు. ఫూలన్ 1994 ఫిబ్రవరిలో జైలు నుంచి బయటికొచ్చింది, పదకొండేళ్ల తర్వాత. అదే సంవత్సరం ఈ సినిమా ఆపండి అని ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. గుజ్జర్ పెద్దమనిషి కన్నా ముందు, అందరికన్నా ముందు ఆపమన్నది ఆమే! రచయిత్రి అరుంధతీ రాయ్ అప్పుడే రాసింది గ్రేట్ ఇండియన్ రేప్ ట్రిక్ అని, బతికున్న ఒక మనిషి మీద జరిగిన అత్యాచారాన్ని ఆమె అనుమతి లేకుండా మళ్లీ తెర మీద జరిపించే హక్కు మీకెవరిచ్చారు అని. చివరికి ఛానెల్ 4 వాళ్లు 40,000 పౌండ్లు ఇచ్చి సెటిల్ చేసుకున్నారు, ఆమె కేసు వదిలేసింది. డబ్బు తీసుకుంది కదా అనేవాళ్లు ఉన్నారు, చదువు రాని మనిషి, జైలు నుంచి అప్పుడే వచ్చింది, ఇంకేం చేస్తుందండీ.

రాయ్ చెప్పిన ఇంకో మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఫూలన్ అసలు జీవితంలో గొడవ మొదలైంది భూమి దగ్గర. మాయాదీన్ అని వాళ్ల పెదనాన్న కొడుకు వీళ్ల భూమి లాక్కున్నాడు, ఈ పిల్ల పదేళ్ల వయసు నుంచి వాడితో పోట్లాడింది, కోర్టు దాకా వెళ్లింది. సినిమాకి ఆధారం అని చెప్పుకున్న మాలా సేన్ పుస్తకంలో అదంతా ఉంది. సినిమాలో లేదు. భూమి కోసం కొట్లాడిన పిల్ల ఎగిరిపోయి, చెరచబడ్డ ఆడది మాత్రమే మిగిలింది. బెహ్మాయీలో నేను కాల్చలేదు అని ఫూలన్ చివరిదాకా చెప్పింది, కాల్పుల్ని ఆమే నడిపించినట్టు తీశారు, ఆ కేసులు ఇంకా నెత్తి మీద ఉండగా. సెన్సార్ వాళ్లు నిమిషాలు కోశారు, ఓటీటీ వాళ్లు సీన్లు కోశారు అని ఇంతసేపూ తిట్టా కదా, డైరెక్టరు గారు కోసింది లెక్కేస్తే అన్నిటికన్నా పెద్ద ముక్క అదే, దానికి ఏ కోర్టూ అడ్డం రాలేదు.

కాబట్టి నా బుర్రలో ఇప్పుడు ఇలా ఉంది. గుజ్జర్ పెద్దాయనకి కట్ అనే హక్కు లేదు, సెన్సార్ ఆఫీసరుకి లేదు, యాప్‌లో కూర్చున్న కుర్రాడికి అసలే లేదు. ఒక్క మనిషికి ఉంది, ఆమె అడిగితే చెక్కు రాసిచ్చారు. ఇది తెలిసీ నేను ఈ సినిమాని మంచి సినిమా అంటున్నాను, 4 స్టార్లు ఇస్తున్నాను, ఐదోది నా చేతికి రావడం లేదు. మా ఆవిడ అయితే స్టార్లు ఏంటండీ దీనికి అని కసిరింది.

సినిమాలు ఆపించడం మన దగ్గరేమన్నా కొత్తా అంటే, 1939లోనే గూడవల్లి రామబ్రహ్మం రైతుబిడ్డని జమీందార్లు పట్టుబట్టి కొన్ని చోట్ల నిషేధం పెట్టించారు, దాని నిర్మాణం వెనకాల ఉన్నది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా, అదో తమాషా. అప్పుడు జమీందారు, తర్వాత సెన్సార్ బోర్డు, ఇప్పుడు ఎవరో కూడా తెలీదు. అదే నా కడుపుమంట. 1995లో కనీసం కాగితం ఉంది, ఈ సీను ఈ కారణానికి తీసెయ్యి అని రాసిచ్చేవాళ్లు, అది పట్టుకుని ట్రిబ్యునల్‌కి పోవచ్చు. ఆ ట్రిబ్యునల్‌ని 2021లో ఎత్తేశారు, ఇప్పుడైతే సెన్సార్ కాదంటే డైరెక్టుగా హైకోర్టే, చిన్న ప్రొడ్యూసరుకి అయ్యే పనేనా అది. ఓటీటీకి సెన్సార్ బోర్డే లేదు, వయసు రేటింగు వాళ్లే వేసుకోవచ్చు, 18 దాటినవాళ్లకే అని పెట్టి మొత్తం చూపించొచ్చు, రూల్స్ అడ్డం రావు. అయినా ముందే భయపడి కోసేస్తున్నారు, కోశామని ఒక ముక్క రాయరు కూడా. నేను కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే మీ ఇంటర్నెట్ స్పీడ్ చెక్ చేసుకోండి అని వచ్చింది. స్పీడ్‌కి బూతుకి సంబంధం ఏంటి నాయనా.

చూద్దాం అనుకునేవాళ్లకి, ముందు నిడివి చూడండి, రెండు గంటలకి బాగా తక్కువ ఉంటే మొదలుపెట్టకండి. మొదటి డైలాగు వినపడకపోతే ఆపేయండి, మిగతాదంతా అలాగే ఉంటుంది. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు వద్దు. ఇలాంటివి తమకి జరిగినవాళ్లు, దగ్గరివాళ్లకి జరిగినవాళ్లు అసలు చూడక్కర్లేదు, కోర్టు ఓకే అంది కదా అని చూసి తీరాల్సిన రూలేం లేదు. భాష మామూలు హిందీ కాదు, బుందేలీ యాస, నాకు వచ్చిన హైదరాబాదీ హిందీతో సగం కూడా ఎక్కలేదు, డీవీడీలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి కాబట్టి బతికిపోయా.

ఫూలన్‌ని 2001 జులై 25న ఢిల్లీలో ఆమె ఇంటి గేటు దగ్గరే కాల్చి చంపేశారు, అప్పటికి ఎంపీ. పార్లమెంట్ నుంచి మధ్యాహ్నం ఇంటికొస్తూ. ఇది సినిమాలో ఉండదు, సినిమా లొంగిపోవడం దగ్గరే అయిపోతుంది, జనం జేజేలు కొడుతుండగా. డీవీడీ ఎవరికైనా కావాలంటే ఇస్తాను కానీ గీతల వల్ల ఒకచోట ఆగుతుంది, కాస్త ముందుకి జరిపితే మళ్లీ ఆడుతుంది.